పదో కట్ట

కోత మొదలుకాకముందే గట్టు మీద తగువు మొదలైంది.

వరిమడి విర్యోది. ఆయన పోయి మూణ్ణెల్లయింది. భార్య అంతకుముందే పోయింది. ఇప్పుడు మడిలో నిలబడి, కోతకొచ్చిన ఆడవాళ్లకి ఎవరి వరస ఎక్కడో చూపిస్తున్నది వాళ్ల ఒక్కగానొక్క కూతురు సరింతెన్. గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడ్డది విర్యో అన్నకొడుకు పార్దీ. అతని పక్కన గ్రామపెద్ద. కాస్త ఎడంగా, వెదురు టోపీ కళ్ల మీదికి లాక్కుని, మర్సియెం.

మర్సియెంది ఏటి అవతలి ఊరు. ఏటా కోతలకి ఇటు వస్తుంది. ఒంటరి మనిషి. కోతలున్నన్నాళ్లూ అన్నం, తర్వాత అంతా ఉడకేసిన కర్రపెండలమే. ఎవరితోనూ కలవదు. ఆ టోపీ నీడలో కూడా తీయదని ఆడవాళ్లు వెక్కిరిస్తుంటారు.

"ఈ పిల్ల మా బాబాయి కన్నది కాదయ్యా" అన్నాడు పార్దీ. "పిల్లల్లేక ఏటవతల నించి తెచ్చుకున్నారు. పెంచుకున్న పిల్లకి బాబాయి సంపాదించింది ఇవ్వండి, కాదన్ను. తాతలనాటి మడి మాత్రం రక్తసంబంధానిదే."

జావాలో ఏ ఊరి పెద్దని అడిగినా ఆ మాటే చెబుతాడు. విర్యో సంపాదించిందల్లా రెండు మేకలు. అందులో ఒకటి కుంటిది. మడీ, మడి చివర ఉన్న ఇల్లూ తాతవే. పార్దీ మాట నెగ్గితే సరింతెన్ ఆ కుంటి మేకని తోలుకుని వీధిన పడాలి.

"సాక్ష్యం?" అన్నాడు పెద్ద.

"పిల్లని ఇప్పించిన మంత్రసాని పోయింది గానీ, ఆవిడ ఇంట్లో పనిచేసిన మనిషి ఉంది." పార్దీ మర్సియెంని ముందుకు పిలిచాడు.

నిన్న సాయంత్రమే అతను ఏరు దాటి ఆమె గుడిసెకి వెళ్లాడు. కోతకొచ్చిన అయినవాళ్లకి ఐదు కట్టలకొకటి, పరాయి ఊరివాళ్లకి పదికొకటి ఇవ్వడం ఇక్కడి ఆనవాయితీ. "ఉన్నదున్నట్టు చెప్పు. మడి నా చేతికొస్తే ఏటా నీకు ఐదుకొకటి. ఇంక పెండలం జోలికి పోనక్కర్లేదు" అన్నాడు. మర్సియెం ఔననలేదు, కాదనలేదు.

పెద్ద అడిగాడు. "ఆ మంత్రసాని ఇంట్లో ఎవరైనా బిడ్డని కని ఇచ్చేశారా?"

"కనింది ఒకత్తి."

కోత కత్తులు నూరుకుంటున్న ఆడవాళ్ల చేతులు ఆగిపోయాయి. సరింతెన్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"మొగుడు లేనిది. నలుగురి కంటా పడకుండా అక్కడే దాక్కుని కనింది. ఆడపిల్ల."

"విన్నారా!" అని ఎగిరాడు పార్దీ.

"నన్ను చెప్పనియ్యి. ఆ పిల్ల బతకలేదు. ఆరోనాడు పోయింది. ఏటి ఒడ్డున నేనే పూడ్చా."

"నిన్న ఈ మాట చెప్పలేదే!"

"నిన్న చెప్పింది నువ్వు. నేను విన్నా, అంతే."

ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. పార్దీ పళ్లు కొరికాడు. "అయితే ఆ తల్లి ఎవతో చెప్పు. దాన్నే అడుగుదాం."

"అదీ పోయింది. బిడ్డ పోయాక ఇంకేముందని బతుకుతుంది?"

"ఒట్టెయ్యి!"

మర్సియెం మడిలోకి దిగి, ఒక వెన్నుని గుప్పిట పట్టుకుంది. "అబద్ధమైతే వరితల్లి మళ్లీ నా పొయ్యి వంక చూడకూడదు."

అంతకుమించిన ఒట్టు ఆ ఊళ్లో లేదు. పెద్ద తల ఊపాడు. "మడి సరింతెన్‌దే. కోత కానియ్యండి."

పొద్దువాలేవేళ వాకిట్లో పంపకం జరిగింది. సరింతెన్ మర్సియెం కోసిన కట్టలు లెక్కబెట్టి, ఐదుకొకటి చొప్పున తీసి ఆమె ముందు పెట్టింది.

"ఓసోస్, అయినవాళ్లకి ఆకుల్లో, కానివాళ్లకి కంచాల్లోనా?" అని ఒకామె మూతి తిప్పింది.

"ఈవిడే లేకపోతే నాకు ఆకూ లేదు, కంచమూ లేదు" అంది సరింతెన్. "తీసుకో పిన్నీ."

కంచె అవతల పార్దీ ఇంకా నిలబడే ఉన్నాడు.

"ఏం వరసని పిన్నీ?" మర్సియెం కసిరింది. "నేను నీకేమవుతానని అయినవాళ్ల వాటా? రేపు జనం నేను గడ్డి తిని సాక్ష్యం చెప్పాననుకోడానికా? తియ్యి. పదోదే ఇయ్యి."

"నడిచొచ్చిన సిరిని కాలదన్నుకుంటుందేంటే ఇది!" అన్నారెవరో.

సరింతెన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. కట్టలన్నీ వెనక్కి తీసుకుని, మళ్లీ పదికొకటి లెక్కబెట్టి ఆమె చేతుల్లో పెట్టింది. "వచ్చే కోతకైనా వస్తావా?"

"ఏరు పొంగకపోతే చూద్దాం."

ఆమె ముఖమైనా చూడకుండా మర్సియెం లేచి వెళ్లిపోయింది. ఇంత చేదు మనిషిని ఎక్కడా చూడలేదని ఆడవాళ్లు చాలాసేపు చెప్పుకున్నారు. ఇక తన పొలాల గట్టు తొక్కితే కాళ్లు విరగ్గొడతానని పార్దీ వెనకనించి అరిచాడు. ఆమె తిరిగి చూడలేదు.

ఏరు దాటి, వెనకాల ఎవరూ రావడం లేదని రూఢి చేసుకున్నాక, మర్సియెం ఆ వడ్లని గుండెకి హత్తుకుని ఇసుకలో కూలబడి భోరుమంది. ఆరు రోజులు పాలిచ్చి విర్యో భార్య ఒళ్లో పెట్టొచ్చిన తన కూతురు తన చేత్తో పెట్టిన మొట్టమొదటి తిండి అది.