దొరలు పోటీపడ్డ కొలువు

“ఛీ! లార్డులు ఈ పని చేశారా, మేడం?” హెస్సా ముక్కు మూసుకుంది.

“చేయడమేమిటి, దానికోసం పోటీలు పడ్డారు,” అంది వసుమతి ఇంగ్లీషులో. “ఇంగ్లండులో ట్యూడర్ రాజుల కాలమది. రాజుగారు దొడ్డికి కూర్చుంటే నీళ్ళూ గుడ్డా పట్టుకుని పక్కన నిలబడాలి. ఊళ్ళకి ఊళ్ళు ఏలే భూస్వాములు, పార్లమెంటులో కూర్చునే పెద్దలు, ఆ కొలువు దొరికితే చాలనుకునేవారు.”

“ఎందుకు?”

“రాజుతో ఒంటరిగా ఉండేది వాళ్ళే కాబట్టి. చెవిలో ఒక మాట వేస్తే చాలు, భూమి, పదవి, ఏదైనా వచ్చి పడేది.”

అప్పుడే పక్కగది తలుపు తెరుచుకుంది. మూతికి మాస్కు, మోకాళ్ళ పైకి మడిచిన లుంగీ, చేతిలో మూతపెట్టిన బెడ్‌పాన్‌తో ఒక మనిషి బయటికి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. పాఠం చెవిన పడిందేమో, ఒక్క క్షణం ఆగి, కళ్ళతోనే నవ్వి బాత్‌రూమ్ వైపు వెళ్ళిపోయాడు.

వసుమతి నాలుక కరుచుకుంది. విజయవాడలో ఇన్నేళ్ళు చరిత్ర చెప్పింది గానీ, ఒక పాఠం ఇలా ఎదుటి మనిషికి తగులుతుందని ఎన్నడూ అనుకోలేదు.

కువైట్‌లో, రుమైథియాలోని ఈ ఇంటికి ఆమె ట్యూషన్‌కి రావడం ఈ వారమే మొదలు. హెస్సా తల్లి అంతా ఫోన్లోనే కుదుర్చుకుంది. ఇంటాయన్ని ఆమె ఇంకా చూడలేదు. ఆయనకి వఫ్రాలో తోటలు, సిటీలో భవనాలు ఉన్నాయనీ, మంత్రులు కూడా ఆయన దివానియాకి, అంటే ఇంట్లో అతిథులు కూడే హాలుకి, వచ్చి కూర్చుంటారనీ కారు నడిపే అబ్దుల్ ఖుద్దూస్ చెప్పాడు. ఆ పక్కగదిలో మంచాన పడ్డ ముసలాయన గురించి అడిగితే హెస్సా “మా తాత” అంది. పక్షవాతం వచ్చి మాట పడిపోయిందట.

హెస్సా నమాజుకి లేచినప్పుడు ఆ మనిషి చేతులు కడుక్కుని వచ్చాడు.

“అమ్మగారూ, మీరు తెలుగోరంట కదండీ?”

వసుమతి మొహం విప్పారింది. “అరే! కోనసీమ నుంచా బాబూ?”

“భాష అక్కడిదేనండి,” నవ్వాడతను.

“నీ పేరు?”

“బుజ్జి అంటారండి.”

“చూడు బుజ్జీ, ఇందాక నేను చెప్పినదానికి ఏమీ అనుకోకు. అమ్మాయి ఛీ అంది గానీ, నువ్వు చేసేది చిన్న పనేం కాదు. అంతంత దొరలే చేశారు.”

“అనుకోవడానికేముందండి. వోళ్ళు రాబోయేదానికి చేశారండి. నాకు రావాల్సిందంతా ఎప్పుడో వచ్చేసిందండి. అందుకు చేత్తన్నాను.” గదివైపు చూశాడు. “ఆ చేతి ముద్ద తిని పెద్దోణ్ణయ్యానండి. ఇయ్యాళ ఆ చెయ్యి లేవట్లేదు. నేను లేకపోతే ఎలాగండి?”

యజమాని ఉప్పు మరిచిపోని మనుషులు ఇంకా ఉన్నారన్నమాట, అనుకుంది వసుమతి.

“ఇయ్యాళ ఇంటి పెద్దోళ్ళొత్తన్నారండి,” గొంతు తగ్గించాడతను. “ఆస్పత్రిలో పడేసి చేతులు దులుపుకోమంటన్నారు. అక్కడ ఈయన ఉండలేరండి. ఎవరైనా కొత్తోళ్ళు ముట్టుకుంటే వణికిపోతారు.”

“అలా పంపేస్తే నీ ఇఖామా, వీసా సంగతేమిటి?”

“దానికేం ఢోకా లేదులెండి,” అని అతను మళ్ళీ గదిలోకి వెళ్ళిపోయాడు.

కాసేపటికి వాకిట్లో కార్లు ఆగాయి. దివానియాలోంచి అరబ్బీ మాటలు పెద్దగా వినిపించసాగాయి. హెస్సా పుస్తకం మూసేసి చెవులు రిక్కించింది. వసుమతికీ పాఠం సాగలేదు.

“ఏమంటున్నారు?”

“పెదనాన్నలు ఆస్పత్రి అంటున్నారు. డబ్బు మేమిస్తాం, ఇంట్లో ఈ వాసనేమిటి, వచ్చేవాళ్ళు ఏమనుకుంటారు అంటున్నారు.”

వసుమతికి ఒళ్ళు మండింది. ఆ ముసలాయన వల్ల ఇంత ఇల్లు నిలబడితే, ఇప్పుడు ఆయన వాసనే బరువైందా? పరాయి దేశం నుంచి వచ్చినవాడికి ఉన్న ప్రేమ వీళ్ళకి లేకపోయెనే!

ఉన్నట్టుండి ఒక గొంతు మిగతా గొంతులన్నిటినీ అణిచేస్తూ లేచింది. మధ్యలో బొంగురుపోయింది. అయినా ఆగలేదు.

“అది మా నాన్న,” అంది హెస్సా. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు. “తాతని పంపాలంటే ముందు నన్ను ఈ ఇంట్లోంచి పంపండి అంటున్నాడు.”

తర్వాత ఎవరో సన్నగా ఏడ్చిన చప్పుడు. సర్దిచెబుతున్నట్టు తగ్గుస్వరాలు. ఆ పైన ఒకటొకటిగా కార్లు వెళ్ళిపోయాయి.

వసుమతి సంచీ సర్దుకుంటుంటే బుజ్జి వేడినీళ్ళ బకెట్టుతో హాల్లోంచి వెళుతూ ఆగాడు. మాస్కు పైన కళ్ళు ఎర్రగా ఉన్నా నవ్వుతున్నాయి.

“ఇక్కడే ఉంటారండి! ఎక్కడికీ పంపట్లేదు. పెద్దోళ్ళు కూడా వెళ్తా వెళ్తా ఆ చెయ్యి ముద్దెట్టుకుని వెళ్ళారండి.”

“దేవుడు చల్లగా చూశాడు నాయనా! నీ మొక్కే ఫలించింది.”

“ఆయ్, ఆయన దయేనండి,” అంటూ అతను లోపలికి వెళ్ళాడు. బకెట్టులో నీళ్ళు చిలికే చప్పుడు, అతను మెల్లగా ఏదో ఊసు చెబుతున్న చప్పుడు వినిపించాయి.

వసుమతి మనసు నిండిపోయింది. ఇంత ఆస్తి, ఇంత పలుకుబడి ఉండి కూడా, ఒక ముసలి ప్రాణం కోసం సొంత అన్నలకు ఎదురు నిలిచిన ఆ ఇంటాయనకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

“హెస్సా, మీ నాన్నగారికి ఒక్క మాట చెప్పి వెళతాను. ఎక్కడున్నారు?”

హెస్సా ఆశ్చర్యంగా చూసింది.

“ఇప్పుడే బకెట్టుతో వెళ్ళింది నాన్నే కదా, మేడం! మీ దేశం నుంచి పనికొచ్చి తనని పెంచిన బంగారయ్య తాతకి స్నానం చేయిస్తున్నాడు.”