గేటు మీది ఫోటో

"కాస్త పక్కకి జరగండి బాబాయ్ గారూ, మీ నీడ ఫ్రేములోకి వస్తోంది," అంది లిఖిత.

ప్రకాష్ జరగలేదు. స్టాండు కాళ్ళు బిగిస్తున్నట్టు నటించాడు. బందరు కోనేరు సెంటర్లో ఇరవై రెండేళ్ళుగా స్టూడియో నడుపుతున్నవాడు, తన దగ్గరే కెమెరా పట్టుకోవడం నేర్చుకున్న పిల్ల చెబితే జరగడమా?

మోపిదేవి దగ్గర కట్టిన కొత్త స్కూలు అది. కరస్పాండెంటు సీతారామయ్య ఇద్దరినీ పిలిపించాడు. "ఇద్దరూ తీయండి. బాగున్నవి స్కూలు పుస్తకంలో వేస్తాం. ఒక్క ఫోటో మాత్రం పెద్దది చేయించి, ప్రారంభోత్సవం నాటికి గేటు మీద పెడతాం," అన్నాడు. అప్పటి నుంచి ప్రకాష్‌కి ఆ గేటు తప్ప ఇంకేం కనబడటం లేదు.

లిఖిత డ్రోన్ పైకి లేపింది. వాచ్‌మన్ టీ ఆమెకే ముందిచ్చాడు. మేస్త్రీ అయితే పని మానేసి ఆమె వెనకే తిరుగుతున్నాడు. ప్రకాష్ వరండా స్తంభాలు నిటారుగా రావాలని నేల మీద బోర్లా పడుకుని తీశాడు. లేచేసరికి చొక్కా నిండా సిమెంటు దుమ్ము. అదెవరూ చూడలేదు.

"ఎలా వచ్చిందో చూడండి బాబాయ్ గారూ," అంటూ లిఖిత డ్రోన్ తెర అతని చేతికిచ్చింది.

ఎర్ర ఇటుక గోడలు, మధ్యలో గుండ్రటి ఆవరణ, చుట్టూ కోతకొచ్చిన వరి. పొద్దున్నుంచీ నానా తిప్పలూ పడి తను పట్టుకోలేకపోయిన అందమంతా అందులో ఉంది. ప్రకాష్‌కి ఒళ్ళు మండిపోయింది. బాగుందన్న మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయింది.

"డ్రోన్ ఉంటే ఎవరైనా తీస్తారు," అన్నాడు, తలెత్తి ఆమె వంకే చూస్తూ.

లిఖిత మెడలోని కెమెరా ఎత్తి అతన్ని క్లిక్‌మనిపించింది.

"ఇదెందుకు?"

"నేర్పిన గురువు ఫోటో నా దగ్గర ఒక్కటీ లేదు. ఉండనివ్వండి."

ఆ వారమంతా ప్రకాష్ కళ్ళలో నిప్పులు పోసుకుని తిరిగాడు. "మీ దగ్గర నేర్చుకున్న పిల్లేగా, పైకొస్తే మీకే పేరు కదండీ," అంది భార్య సునీత.

"గేటు తనకి పోయాక నాకేం పేరు?" అన్నాడు. అన్నం కూడా సగంలో వదిలేశాడు.

ప్రారంభోత్సవానికి ముందురోజు సీతారామయ్య ఫోన్ చేశాడు.

"పుస్తకం నిండా లిఖిత గారివే వేశామండీ. ఏమనుకోకండి."

ప్రకాష్ ఫోన్ పెట్టేయబోయాడు.

"గేటు మీద మాత్రం బిల్డింగు పెట్టలేదు. ఆవిడ తీసిన వాటిలో మీ ముఖం ఒకటి కనబడింది. మా మేస్త్రీ చూడగానే ఇదే పెట్టాలని పట్టుబట్టాడు. ఎనిమిదడుగులు చేయించాం. మీకేం అభ్యంతరం లేదుగా?"

"నా ముఖమా?"

"ఆ కళ్ళండీ. ఆ చూపు ముందు ఇంకెవరి చూపూ ఆగదు. ఇక మా స్కూలుకి భయం లేదు."

"అంత మాటెందుకండీ. పెట్టించండి," అన్నాడు ప్రకాష్. ఇన్నాళ్ళూ ఆ పిల్ల మీద పడి ఏడ్చినందుకు సిగ్గేసింది. వెంటనే లిఖితకి ఫోన్ చేసి, "ఆ డ్రోన్ ఫోటో చాలా బాగుందమ్మా. ఆ రోజు చెప్పడానికి నోరు రాలేదు," అన్నాడు. తర్వాత వీధి వీధంతా తిరిగి గేటు సంగతి చెప్పుకొచ్చాడు.

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, సునీతను వెంటబెట్టుకుని అవనిగడ్డ బస్సెక్కాడు. స్కూలు ఇంకా దూరముండగానే గేటు మీద తన ముఖం కనబడింది. "అదిగో, నేనే," అని బస్సులో అందరికీ వినబడేలా అన్నాడు. లోపలికి వెళ్ళేవాళ్ళంతా ఆగి, తలెత్తి చూసి మరీ వెళ్తున్నారు. ప్రకాష్ భార్య చెయ్యి పట్టుకుని గేటు దగ్గరికి నడిచాడు.

ఫోటో కింద నిమ్మకాయలూ పచ్చిమిరపకాయలూ గుచ్చి, గుమ్మడికాయ కట్టారు.