గంజి చల్లార్చే చేయి

పైడితల్లి వాగు గట్టెక్కేసరికి, దామంజోడి ఫ్యాక్టరీలో ఫిట్టరు పని చేసే ఆమె మొగుడు త్రినాథరావు మోకాలి లోతు నీళ్ళలో ఉన్నాడు. పొగలు కక్కుతున్న రాగుల సోడిగంజి డేకిసాను వాగులో నిలిపి, గరిటెతో తిప్పుతున్నాడు. ఆదివారమైతే చాలు, ఆ గంజిలో మొలకల పిండి కలిపి చేసే లందా కల్లు తాగడానికి అతను పరిగెత్తేది ముసలి సోంబారి ఇంటికే. ఆ సోంబారి రాతి మీద కూర్చుని మొలకల పిండి జల్లిస్తోంది.

"ఆపకు బాబూ. నెమ్మదిగా సల్లారితే పిండి కలపకముందే పులిసి పాడైపోద్ది," అంటోంది.

"ఏటి మావా, ఇయాళ ఓవర్‌టైమన్నావు, ఇదేనా?" అరిచింది పైడితల్లి.

అతను గరిటె ఆపలేదు.

"దీని లందాలో ఏటుంది? అవే సోళ్ళు నేనూ వండేను. ఒక్క గుక్క తాగి పారబోసేవు!"

"నీ గంజికి లోటు లేదమ్మి," అంది సోంబారి. "వేడిగా ఉండగానే మూతెట్టి మూల పడేస్తే పులవదా? నాకు నడుం వంగదు. బాబు తిప్పబట్టే నా లందా బాగుంటంది."

పైడితల్లి మొగుడి వైపు తిరిగింది. "ఇంట్లో మంచినీళ్ళు ముంచుకోనోడివి, ఇక్కడ గరిటె పట్టేవా?"

"పెళ్ళయిన కొత్తలో పట్టేను గదే. మొగోడివి, నలుగురూ నవ్వుతారని లాక్కున్నావు. మళ్ళీ వంటింట్లోకి రానిచ్చేవా?"

పైడితల్లికి అంతా గుర్తుంది. ఆ రోజు నవ్వింది నలుగురు కాదు, తనే.

చీర ఎగదోపి నీళ్ళలోకి దిగింది. డేకిసా అంచును చెంగుతో పట్టుకుంది.

"వచ్చే ఆదివారం మనింట్లో వండుతాను. నువ్వే తిప్పాల," అంది, సోంబారికి వినబడేలా.