రత్నరాజు పటానికి దండ

"ఈయన ఎప్పుడు పోయాడు?" అన్నాడు క్రాంతికుమార్, గోడమీది పటం వైపు పెన్ను చూపిస్తూ.

"రెండేళ్లయింది బాబూ. నూజిలాండు," అన్నాడు సత్తియ్య హుషారుగా.

"నేనడిగింది ఆ పోవడం కాదు. పటానికి దండ ఉంది. కింద ఎర్ర బల్బు వెలుగుతోంది. మనిషి లేడనేగా అర్థం?"

ఆ షాపులో ముప్పై ఏళ్లుగా కరెంటుతో కాపురం చేస్తున్న సత్తియ్యకి మొదటిసారి షాకు కొట్టింది.

క్రాంతికుమార్ విశాఖపట్నం నుంచి వచ్చిన వెరిఫికేషన్ ఏజెంటు. న్యూజిలాండ్‌లో ఎలక్ట్రీషియన్ లైసెన్సు అడుగుతున్న రత్నరాజు, అనకాపల్లి బెల్లం మార్కెట్టు వెనక సందులో ఉన్న ఈ పోతురాజు రీవైండింగ్ వర్క్స్‌లో ఎనిమిదేళ్లు కాలిపోయిన మోటార్లకి తీగ చుట్టాడో, లేక ఊరికే ఊరు చుట్టాడో కళ్లారా చూసి సాయంత్రంలోగా రిపోర్టు పంపాలి. లైసెన్సు లేనిదే రత్నరాజు అక్కడ వైరు ముట్టుకోకూడదు. రెండేళ్లుగా ఎవరో ఎక్కే నిచ్చెన వీడు మోస్తున్నాడు.

షాపు గోడకి రెండు పటాలున్నాయి. ఒకటి మీసాల పెద్దాయనది, బోసిగా ఉంది. రెండోది టై కట్టుకున్న రత్నరాజుది. గంధపు చెక్క దండా, ఎర్ర బల్బూ దానికే.

"సుబ్బరంగా ఉన్నాడు బాబూ. గౌరవానికి ఏసేను దండ."

"బతికున్నవాడికి దండ ఎవరేస్తారండీ?"

"పెళ్లిలో ఎయ్యరా? సన్మానంలో ఎయ్యరా? ఎలచ్చన్లలో గెలిసినోడికి ఎయ్యరా?"

"అవి మెడకి. ఇది పటానికి."

"మెడ నూజిలాండులో ఉండిపోయింది గదా బాబూ. అందుకే పటానికేసేను."

క్రాంతికుమార్ నవ్వలేదు. ఫారం మోకాలి మీద పెట్టుకున్నాడు. "చూడండి, నేను చూసిందే రాయాలి. చనిపోయినవాడి పేరు చెప్పుకుని అక్కడెవడో లైసెన్సు అడుగుతున్నాడని రాస్తే, ఆ కుర్రాణ్ణి మొదటి విమానంలో వెనక్కి పంపేస్తారు."

దండ వేస్తే దండన పడేలా ఉంది. రెండేళ్ల నిచ్చెన మోత కాస్తా దండగయ్యేలా ఉంది.

సత్తియ్య భార్య బుల్లమ్మ టీ గ్లాసులు బల్లమీద ఠక్కున పెట్టింది. "ఆ దండ జోలికి ఎల్లకని పొద్దున్నే సెప్పేనా నేదా?"

"నువ్వు టీ ఇచ్చేవు గదా. ఇంకెల్లు."

ఆవిడ వెళ్లలేదు. తలుపు పట్టుకుని నిలబడింది. ఉచితంగా దొరికే వినోదాన్ని ఎవరు వదులుకుంటారు?

"బతికుంటే ఫోన్ చెయ్యండి," అన్నాడు క్రాంతికుమార్.

సత్తియ్య సెల్లు స్పీకరులో పెట్టి కేకేశాడు. "ఒరే రత్నం, నువ్వు బతికే ఉన్నావని ఈ బాబుకి సెప్పరా."

"ఏటి మామా," అంది ఫోను, "అక్కడ పొద్దున్నే మందు మొదలెట్టేసేవా?"

"గొంతు ఎవరిదైనా కావచ్చు," అన్నాడు క్రాంతికుమార్. "ఇది రత్నరాజేనని నమ్మకమేంటి?"

సత్తియ్య సెల్లు నోటి దగ్గరికి లాక్కున్నాడు. "ఒరే, ఎలమంచిలిలో సెరుకు గానుగ మోటారు గేపకముందా?"

"ఎందుకు నేదు? మనం బిగించిన మోటారు ఎనక్కి తిరిగింది. లోపలికెట్టిన సెరుకు బయటికొచ్చి రైతు డొక్కలో పొడిసింది. అందరి ముందూ నన్ను పట్టుకుని బాదేవు. నేను ఇమానమెక్కడం తరవాత మాట, నా ఈపుకి ఇమానం మోత ఆరోజే ఇనబడింది."

"ఇన్నారా బాబూ? ఈడే మా రత్నం."

"ఒక్క మాట మామా," అంది ఫోను. "రెండు వైర్లు తారుమారు సేసింది నువ్వు. దెబ్బలు తిన్నది నేను."

సత్తియ్య స్పీకరు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. అప్పటికే ఆలస్యమైంది.

"అది నువ్వా?" అంది బుల్లమ్మ తలుపు దగ్గర్నుంచి. "ఇన్నాళ్లూ ఆ గుంటడు సేసేడని ఊరంతా సెప్పేవు."

క్రాంతికుమార్ మొదటిసారి నవ్వాడు. "చాలండి. పోయినవాడెవడూ ఇంత లెక్కగా దెప్పిపొడవడు. ఉంటాను రత్నరాజు గారూ, మీరు బతికే ఉన్నారు."

"థాంక్సండి," అంది ఫోను, ఆ శుభవార్త అప్పుడే తెలిసినట్టు.

ఫోను పెట్టేశాక క్రాంతికుమార్ టీ తాగుతూ ఫారంలో టిక్కులు పెట్టాడు. షాపు ఉంది. వైండింగ్ మిషను ఉంది. మనిషి ఉన్నాడు. ఒక్కో టిక్కుకీ సత్తియ్య మొహంలో ఒక్కో బల్బు వెలిగింది. దండ తెచ్చిన గండం గడిచిందని దండం కూడా పెట్టాడు.

"ఇంకొక్కటే మిగిలింది," అన్నాడు క్రాంతికుమార్, ఫైల్లోంచి రత్నరాజు పంపిన అనుభవం సర్టిఫికెట్టు తీస్తూ. "దీనిమీద సంతకం పోతురాజు అని ఉంది. షాపు ఓనరు, లైసెన్సూ ఆయన పేరునే. తేదీ మొన్న జూన్ పది. ఆయన్ని ఒకసారి పిలిస్తే, నా ఎదురుగా ఇంకో సంతకం చేయించుకుని వెళ్లిపోతాను."

బుల్లమ్మ గబగబా ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

సత్తియ్య తలెత్తి, బోసిగా ఉన్న మీసాల పెద్దాయన పటం వైపు చూశాడు.

"ఆ దండా, బల్బూ మా గురువుగారివే బాబూ. మీరొత్తన్నారని పొద్దున్నే తీసి ఈడికెట్టేను."