మగ్గానికి అటువైపు మనిషి

చలి ముదిరేలోపు చేయాల్సినవి చాలా ఉన్నాయి. కప్పు మీద రెల్లు సర్దాలి. పందుల్ని ఓక్ అడవికి తోలి కాయలు మేపాలి. ఒకదాన్ని కోసి ఉప్పులో పెట్టాలి. అన్నిటికంటే ముందు దొరకు ఏటా ఇచ్చే వెడల్పు దుప్పటి నేయాలి.

ఆ దుప్పటి ఒక్కరి వల్ల కాదు. నిలువు మగ్గానికి అటొకరు, ఇటొకరు నిలబడి, అడ్డంగా అల్లే పేక దారం అందించుకోవాలి.

మిల్గిత్‌కు ఇన్నేళ్లూ తోడు నిలబడిన తల్లి వేసవిలో పోయింది.

అప్పుడొచ్చింది లియోబా. దొర ఇంట్లో బానిసగా ఉండి, కొత్తగా విడుదలైన మనిషి.

"నేత వచ్చమ్మా. ఓ మూల పడుంటాను," అంది.

మిల్గిత్ మొగుడు తిల్మన్ సరేనన్నాడు.

నేల తవ్వి మగ్గం నిలిపిన నేత గుంటలో ఇద్దరూ నిలబడ్డారు. మిల్గిత్ చెయ్యి చాపేలోపే పేక చేతికొస్తోంది. అడగాల్సిన పనే లేదు.

తిల్మన్ గుంట గట్టు మీద కూర్చుని చూశాడు.

"చిత్రంగా ఉందే. ఇద్దరి చేతులూ ఒక్క మనిషివే అన్నట్టున్నాయి."

"ఇన్నేళ్లకు కనబడ్డాయా నా చేతులు? అదీ ఆవిడ పక్కన నిలబడితేనా?"

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఆ వారమంతా తిల్మన్ లియోబాకు కట్టెలు మోశాడు. రొట్టెలో మెత్తటి ముక్క ఆమెకే ఇచ్చాడు.

"పాపం, దగ్గుతోందే," అన్నాడు.

"చెప్పు మరి. నేనూ రేపట్నుంచి దగ్గుతాను."

లియోబా మాత్రం పేక అందిస్తూ మిల్గిత్ మొహమే చూసేది. మిల్గిత్‌కు ఒళ్లు మండింది.

"ఏంటలా చూస్తావు? మొహం నచ్చితే పట్టుకుపో. మొగుణ్ణి మాత్రం వదిలెయ్."

"నీకంటే చాలా పెద్దదాన్నమ్మా."

"అయితే పెద్దదానిలా ఉండు."

తిల్మన్ పందుల్ని తోలుకుని అడవికి పోయాడు. ఆ రోజే మిల్గిత్ లోపల కుళ్లుతున్నదంతా కక్కేసింది.

"కరువేడు మా నాన్న నన్ను వీపున కట్టుకుని ఈ ఊరొచ్చాడు. చచ్చినా మా వాళ్లెవరూ నీలాగా దొర చేతుల్లో తల పెట్టి బానిసలవలేదు. కడుపు కోసం తల అమ్ముకున్నదానికి ఒకరి మొగుణ్ణి లాక్కోవడం ఒక లెక్కా?"

లియోబా చేతిలో పేక ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ అందించింది.

"మంచిదమ్మా," అంది.

"రేపట్నుంచి ఇక్కడ వద్దు. ఆ చివరి గుడిసెలో ఉండు."

చివరి గుడిసె కప్పు సగం కూలింది. ఊళ్లోవాళ్లు బూడిద, ఎముకలు అందులోనే పారబోస్తారు. లియోబా మూట తీసుకుని వెళ్లింది.

మిల్గిత్ ఒక్కతే మగ్గానికి అటూ ఇటూ పరుగెత్తుతూ నేసింది. అంచు వంకర పోయింది. దగ్గు వినిపించినా వెళ్లలేదు. తర్వాత దగ్గు వినిపించలేదు.

తిల్మన్ తిరిగొచ్చి లియోబాకు గొయ్యి తవ్వాడు.

దుప్పటి కోసం దొర దగ్గరి ముసలి పెత్తందారు వచ్చాడు. సమాధి మీద కొత్త మట్టి చూశాడు.

"ఎవరిదమ్మా?"

"మీ దగ్గర్నుంచి వచ్చిందే. లియోబా."

ముసలాయన టోపీ తీశాడు.

"విడిపించిన రోజు కూడలిలో నిలబెట్టి, నచ్చిన దారి పట్టమన్నాం. నవ్వుకుంటూ ఇటే నడిచింది."

"ఇక్కడ ఆవిడకెవరున్నారని?"

"నీతో అన్లేదా? కరువేడు చిన్నపిల్లగా వచ్చి దొర చేతుల్లో తల పెట్టింది. బదులుగా ఇచ్చిన బార్లీ ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు. మూటంతా వాళ్ల నాన్న చేతిలో పెట్టి, చంటిదానికి గంజి కాచి పొయ్యమని ఒకటే ఏడుపు."

"ఏ చంటిది?"

ఆయన మిల్గిత్ మొహంలోకి చూశాడు. చూసి, తల దించుకున్నాడు.

మిల్గిత్ ఆ మాట చివరిదాకా ఊళ్లో ఎవరికీ చెప్పుకోలేకపోయింది గనక, తండ్రి వీపున ఉన్న చంటి మిల్గిత్ బతకాలని తన తల ఇచ్చేసిన ఆ అక్కను, లియోబాను, మీరైనా గుర్తుపెట్టుకోండి.