నాలుగు కాళ్లూ ఒక తోకా

చిన్న కథే, చిటికెలో ముగించేస్తాను. ఉడత కాపురం చూశారా? సొంత తోకే పరుపు, అయినా ఇంట్లో చోటు చాలదని ఏడుపు. సరే, దాని సంగతి మనకెందుకు!

రాతిగోడ సందులో ఆ ఉడతా, ఎలుకా, బల్లీ కలిసి గింజల కొట్టు పెట్టాయి. పాము చొరబడుతుందని బల్లికి భయం. అందుకే పట్టుబట్టి నియమం పెట్టింది. "భాగస్వామి అంటే నాలుగు కాళ్లూ ఒక తోకా. రెండూ ఒకేసారి ఉండాలి. లేనివాళ్లు లోపలికి రాకూడదు." తనే గడప మీద కాపలా కూర్చుంది.

వానకు తడుస్తూ కప్ప వచ్చింది. "బల్లి వదినా, చిన్నప్పుడు నాకూ తోక ఉండేది!"

"అప్పుడు కాళ్లు లేవు కదమ్మా," అంది బల్లి.

కప్ప ఎదుటి రాయి కిందికి దూరింది. అంతలో పాము వచ్చి బల్లి తోక పట్టుకుంది. బల్లి తోక వదిలేసి తప్పించుకుంది. పాము ఆ తోక మింగి వెళ్లిపోయింది.

"వదినా, లోపలికి రా! అది మళ్లీ వస్తుంది," అంటూ ఎలుక తలుపు తీసింది.

బల్లి వెనక్కి తిరిగి చూసుకుంది. "కాళ్లు మాత్రమే ఉన్నాయి. తలుపు వేసుకో," అంది.

తోక మొలిచేదాకా కప్ప పక్కనే, ఆ రాయి కింద ఉంది.