కోపం కొలిచిన జాగిలం

సింహం గేదెల మందలోంచి ఒక దూడను ఎత్తుకుపోయింది. మందకు కోపం ఎంతుందో కొలిచి రమ్మని ఆస్థాన జాగిలమైన భైరిగాణ్ణి పంపింది. కోపమంటే మొరగడమేనని భైరిగాడి నమ్మకం. వాళ్ల వంశంలో అందరూ అలాగే కోప్పడతారు మరి.

గేదెలు మొరగలేదు. తలలు వంచి, గిట్టలతో నేల గీరుతూ వరసగా నిలబడ్డాయి.

"కోపంగా లేదూ?" అన్నాడు భైరిగాడు.

"దొరగారినే ఒకసారి రమ్మను నాయనా," అంది దూడ తల్లి, నెమ్మదిగా.

ఆ మర్యాదకు భైరిగాడి కళ్లు చెమర్చాయి. పరుగున వచ్చి, "కోపం సున్నా ప్రభూ! తలలు వంచి మీ దర్శనం కోసం నిలబడ్డాయి," అన్నాడు.

సింహం జూలు దువ్వుకుని బయల్దేరింది. కొమ్ముల మధ్య నుంచి తిరిగి రాలేదు.

భైరిగాడు ఇవాళ్టికీ ఒట్టేసి చెబుతాడు: "అది కోపం కాదు, ఏదో పొరపాటు. చివరిదాకా ఒక్కటీ మొరగలేదు!"